పురుగు బతికే ఉంటుంది, ఈగ మాత్రం కాలేదు: పాడైన కణాలను ఏరేసే కైనేజ్ గురించి

జూన్ వచ్చిందంటే చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఎటు చూసినా మామిడే. దామలచెరువు మండీకి తోతాపురి లోడ్లు వరసకడతాయి, పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు గంటల తరబడి నిలబడిపోతాయి. ఆ కాయల్లో ఒకటీ అరా కోస్తే లోపల తెల్లటి పురుగులు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. అవి పండు ఈగ పిల్లలు. తోటల్లో మిథైల్ యూజినాల్ ఎర పెట్టిన డబ్బాలు వేలాడదీసేది ఈ ఈగ కోసమే. మన మామిడిని 2007లో అమెరికా మళ్లీ రానిచ్చినప్పుడు పెట్టిన షరతు కూడా ఇలాంటి పురుగుల గురించే: కాయలకు కనీసం 400 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) మోతాదులో రేడియేషన్ ఇవ్వాలి. టెంక పురుగును కూడా లెక్కలోకి తీసుకుని పెట్టిన మోతాదు ఇది. ఒక్క పండు ఈగ జాతులకైతే 150 గ్రే చాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది.

ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రేడియేషన్ తగిలిన పురుగు వెంటనే చావాలని ఆ ప్రమాణం అడగదు. కాయ కోసినప్పుడు పురుగు కదులుతూ కనిపించినా ఫరవాలేదు, అది రెక్కలొచ్చిన ఈగ కాకపోతే చాలు. మనిషి ఒళ్లంతా ఒకేసారి 4, 5 గ్రే తగిలితే వైద్యం అందనివాళ్లలో సగం మంది బతకరు. అంతకు పదుల రెట్లు రేడియేషన్ తగిలిన పురుగు పాకుతూ, తింటూ ఉంటుంది. అయినా దాని వంశం అక్కడితో ఆగిపోతుంది. బతికే ఉన్న పురుగు ఈగ ఎందుకు కాలేకపోతుంది?

దీనికి జవాబు వెతకాలంటే మామిడి ఈగను వదిలి, దాని దూరపు చుట్టం దగ్గరికి వెళ్లాలి. మగ్గిన అరటిపండు మీద, చెరకు రసం బండి దగ్గర ముసిరే నలుసంత ఈగ డ్రోసోఫిలా. రెండిటి కుటుంబాలూ వేరు. మామిడి ఈగ గట్టి కాయకే కన్నం పెట్టి గుడ్లు పెడుతుంది, డ్రోసోఫిలాకు పులిసిన పండు కావాలి. కానీ గుడ్డు, లార్వా, ప్యూపా, ఈగ అనే క్రమం రెండిటికీ ఒకటే. ఎక్స్ కిరణాలు జన్యువులను మార్చేస్తాయని హెర్మన్ ముల్లర్ 1927లో చూపించింది డ్రోసోఫిలాలోనే. ఆ పనికి 1946లో ఆయనకు నోబెల్ వచ్చింది. రేడియేషన్ తగిలాక కణం ఏం చేస్తుందన్న ప్రశ్నకు తర్వాతి కాలంలో వచ్చిన జవాబుల్లో చాలా గట్టివి కూడా ఈ ఈగ నుంచే వచ్చాయి.

లార్వా ఒళ్లు నిజానికి రెండు ఒళ్లు. తిని, పాకి, లావయ్యే ఒళ్లు ఒకటి. పేగు, కొవ్వు, లాలాజల గ్రంథి, చర్మం అందులోవి. ఈ కణాల్లో ఎక్కువ భాగం విభజన మానేసి, డీఎన్‌ఏ నకళ్లు మాత్రం తీసుకుంటూ ఉబ్బుతాయి. ఎమ్మెస్సీ జువాలజీ ప్రాక్టికల్స్‌లో లాలాజల గ్రంథిని చిదిమి, రంగు వేసి, చారలు చారలుగా కనిపించే లావుపాటి క్రోమోజోమ్‌లను చూసినవాళ్లు చూసింది ఈ కణాలనే. ఒక్కో కణంలో వెయ్యి దాకా నకళ్లు పేర్చి ఉంటాయి. రెండో ఒళ్లు ఆ లోపల దాక్కుని ఉంటుంది: రెక్కకు, కాలికి, కంటికి విడివిడిగా ఇమాజినల్ డిస్క్‌లనే చిన్న సంచులు. రెక్క డిస్క్ కొన్ని పదుల కణాలతో మొదలై, నాలుగు రోజుల్లో 30 వేలు దాటుతుంది. ప్యూపాలో పాత ఒళ్లు కరిగిపోయి, ఈ సంచులే ఈగ అవుతాయి.

విభజన లేని కణం తెగిన డీఎన్‌ఏతో కూడా కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. పైగా ఈ ఉబ్బిన కణాల్లో చావును నడిపించే జన్యువులు నొక్కిపెట్టి ఉంటాయి, ఎంత దెబ్బ తగిలినా అవి చావు దారి పట్టవు. విభజన చెందే కణానికి ఆ వెసులుబాటు లేదు. తెగిన క్రోమోజోమ్‌తో రెండుగా చీలితే పిల్ల కణాలకు వాటా సరిగా అందదు. అందుకే పాకే ఒళ్లు నిలబడుతుంది, రాబోయే ఒళ్లు కూలిపోతుంది. ఆ రాబోయే ఒంట్లో ఏ కణం ఉండాలి, ఏది పోవాలి అన్నది తేల్చే ప్రోటీన్లలో ముఖ్యమైనది చెక్2 అనే కైనేజ్. డ్రోసోఫిలాలో దాన్ని తయారుచేసే జన్యువు పేరు లోకీ.

కైనేజ్ చేసే పని చూడటానికి చిన్నది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి ఇంకో ప్రోటీన్ మీద, సాధారణంగా సెరీన్, థ్రియోనిన్, టైరోసిన్ అనే అమైనో ఆమ్లాల్లో ఒకదాని మీద, తగిలిస్తుంది. ఫాస్ఫేట్‌కు రుణావేశం ఎక్కువ. అది అంటుకున్న చోట ప్రోటీన్ ఆకారం మారుతుంది, ఆకారంతో పాటు దాని పనీ మారుతుంది. ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ దాన్ని ఊడదీస్తే మళ్లీ మామూలే. కొత్త ప్రోటీన్ తయారయ్యేదాకా ఆగక్కర్లేదు కాబట్టి కణం నిమిషాల్లో స్పందించగలుగుతుంది. మనిషిలో ఇలాంటి కైనేజ్‌లు ఐదు వందలకు పైనే, ఈగలో రెండు వందలకు పైనే ఉన్నాయి.

డీఎన్‌ఏ రెండు పోగులూ ఒకేచోట తెగితే, తెగిన కొసలకు కొన్ని ప్రోటీన్లు చేరి ఏటీఎమ్ అనే పెద్ద కైనేజ్‌ను లేపుతాయి. ఏటీఎమ్ చెక్2 మీద ఫాస్ఫేట్ వేస్తుంది. ఆ ఫాస్ఫేట్‌ను గుర్తుపట్టే భాగం చెక్2లోనే ఉంది. కాబట్టి రెండు చెక్2 అణువులు జత కట్టి ఒకదాన్నొకటి పూర్తిగా మేల్కొలుపుతాయి. దీనికి సమాంతరంగా ఏటీఆర్, చెక్1 అనే ఇంకో జంట ఉంది. డీఎన్‌ఏ నకలు తీసే పని మధ్యలో చిక్కుకున్నప్పుడు ముందు పలికేది ఆ జంట. ఈగలో ఏటీఆర్ జన్యువు పేరు మెయ్-41, చెక్1 జన్యువు పేరు గ్రేప్స్.

పాఠ్యపుస్తకాల్లో ఇవన్నీ కలిపి ‘డీఎన్‌ఏ మరమ్మతు వ్యవస్థ’ కింద వస్తాయి. ఆ మాట చెక్2కు అంతగా సరిపోదు. ఈగలో అది చేసే పనుల్లో కొట్టొచ్చినట్టు కనిపించేది మరమ్మతు కాదు, ఏరివేత.

లోకీ జన్యువు పూర్తిగా పోయిన ఈగలు హాయిగా పుడతాయి, పెరుగుతాయి, పిల్లల్ని కంటాయి. సీసాలో పక్కపక్కన పెడితే మామూలు ఈగకూ దానికీ తేడా కనిపెట్టలేం. తేడా తెలియాలంటే రేడియేషన్ ఇవ్వాలి. మూడో దశ లార్వాలకు 40 గ్రే ఇచ్చి, నాలుగైదు గంటల తర్వాత రెక్క డిస్క్ తీసి, చస్తున్న కణాలకు మాత్రమే పట్టే రంగు వేస్తారు. మామూలు డిస్క్ నిండా చుక్కలు చుక్కలుగా చావు కనిపిస్తుంది. లోకీ లేని డిస్క్ దాదాపు శుభ్రంగా ఉంటుంది. తగిలిన రేడియేషన్ ఒకటే, తెగిన డీఎన్‌ఏ ఒకటే. తేడా వచ్చింది స్పందనలో. అంటే ఆ కణాలను చంపింది నేరుగా రేడియేషన్ అనడానికి లేదు, కణం తనే తనను ముగించుకుంది. చెక్2 పీ53 అనే ప్రోటీన్‌ను కదిలిస్తుంది, పీ53 రీపర్, హిడ్ అనే జన్యువులను తెరుస్తుంది, కణం లోపలి నుంచే కూలిపోతుంది. మన ఒంట్లో పీ53 విభజనను ఆపడమూ చేస్తుంది, చంపడమూ చేస్తుంది. ఈగలో రేడియేషన్ తర్వాత విభజనను ఆపే పని ప్రధానంగా మెయ్-41, గ్రేప్స్ చూసుకుంటాయి, పీ53కి మిగిలింది చంపడమే. ఒకే కుటుంబపు ప్రోటీన్లు ఒక్కో జీవిలో పని ఇలా వేర్వేరుగా పంచుకుంటాయి. ఈగలో తేలినదాన్ని మనిషికి అంటగట్టేముందు ఇది గుర్తుంచుకోవాలి.

లోకీ లేని డిస్క్ శుభ్రంగా ఉందంటే అది గెలిచినట్టు కాదు. ఒక రోజు గడిచేసరికి అక్కడా కణాలు చావడం మొదలవుతుంది, ఈసారి పీ53తో సంబంధం లేని దారిలో. ఆలోగా ఆ కణాలు తెగిన క్రోమోజోమ్‌లతోనే విభజన చెంది, లెక్క తప్పిన కణాలను పుట్టించి ఉంటాయి. మామూలు డిస్క్ మాత్రం ముందుగానే చాలా కణాలను పోగొట్టుకుని, మిగిలిన మంచివాటితో ఆ ఖాళీ నింపుకుంటుంది. సగం కణాలు పోయినా డిస్క్ తేరుకుని మామూలు రెక్క కట్టగలదని 1970ల్లోనే తేలింది. దానికి సమయం కావాలి. దెబ్బతిన్న డిస్క్ డిల్ప్8 అనే ఇన్సులిన్ లాంటి హార్మోన్‌ను వదిలి, మెదడుకు కబురంపి, ప్యూపా కావడాన్ని వాయిదా వేయిస్తుందని 2012లో బయటపడింది. ఒక్క రెక్క సంచికి దెబ్బ తగిలితే ఒళ్లంతా దానికోసం ఆగుతుంది. ఈగ ఎదుగుదలకూ డీఎన్‌ఏ రక్షణకూ మధ్య ఉన్న ముడి ఇంత స్పష్టంగా కనిపించేది తక్కువ చోట్ల.

ఇప్పుడు మామిడి పురుగు దగ్గర మిగిలిన ప్రశ్న తేలుతుంది. 40 గ్రే దగ్గర ఏరివేత పనికొస్తుంది, ఎందుకంటే ఖాళీ నింపడానికి మంచి కణాలు మిగులుతాయి. 150, 400 గ్రే దగ్గర మిగిలే మంచి కణమే ఉండదు. ఏరేస్తే సంచి ఖాళీ, ఏరకపోతే సంచి నిండా చెడిన కణాలు. ఏ రకంగా చూసినా ఈగ కట్టుకోవడానికి సరుకు లేదు.

డిస్క్‌ల కంటే ముందు, గుడ్డు పెట్టిన మొదటి రెండు గంటల్లో ఇదే కైనేజ్ ఇంకా వింతగా పనిచేస్తుంది. డ్రోసోఫిలా పిండం మొదట కణాలుగా విడిపోదు. ఒకే పెద్ద సంచిలో కేంద్రకాలు మాత్రమే 13 సార్లు విభజన చెందుతాయి. మొదట్లో ఒక్కో విభజనకు పది నిమిషాలు కూడా పట్టదు. చివరకు సుమారు 6 వేల కేంద్రకాలు అంచున బారులు తీరాక వాటి చుట్టూ గోడలు లేస్తాయి. అంత వేగంలో ఆగి సరిచేసుకునే వ్యవధి ఉండదు, తప్పులు జరుగుతాయి. ఒక కేంద్రకంలో డీఎన్‌ఏ పాడైందనుకుందాం. అప్పుడు చెక్2 అక్కడి సెంట్రోసోమ్‌ను, అంటే విభజన దారాలు కట్టే కేంద్రాన్ని, పనిచేయనివ్వదు. క్రోమోజోమ్‌లను పంచే దారాలు సరిగా కట్టుకోవు. విభజన విఫలమైన ఆ కేంద్రకం అంచు నుంచి జారి లోపలి సొనలో పడిపోతుంది. మండీలో గంప దించగానే మచ్చపడిన కాయను ఏరి పక్కన పడేసినట్టు, దాన్ని బాగుచేసే ప్రయత్నమే జరగదు. దీన్ని మసాచుసెట్స్‌లోని థ్యూర్‌కాఫ్ ప్రయోగశాల 2003లో చూపించింది. లోకీ లేని పిండాల్లో పాడైన కేంద్రకాలు అంచునే ఉండిపోతాయి, మంచివాటితో కలిసి పిండంలో భాగమవుతాయి. ఆరు వేలలో నాలుగు పోయినా పిండానికి లోటు లేదు, ఆ నాలుగు ఉంటేనే ముప్పు. ఈ లెక్క గుడ్డులో ముందే రాసిపెట్టి ఉంది: ఈ వయసు పిండానికి చెక్2ను తల్లే గుడ్డులో నింపి పంపిస్తుంది.

చెక్1ది వేరే పని. పదో విభజన తర్వాత విభజనలు నెమ్మదిస్తాయి, పదమూడు ముగిశాక నిలిచిపోతాయి. ఆ విరామంలోనే పిండం తన సొంత జన్యువులను పెద్ద ఎత్తున తెరుస్తుంది, అప్పటిదాకా నడిచింది తల్లి ఇచ్చిన సరుకుతోనే. ఆ నెమ్మదింపుకు మెయ్-41, గ్రేప్స్ కావాలి. ఎవరూ రేడియేషన్ ఇవ్వకపోయినా కావాలి. ఎందుకంటే పిండం జన్యువులను చదవడం మొదలుపెట్టగానే, చదివే యంత్రాలూ డీఎన్‌ఏ నకలు తీసే యంత్రాలూ ఒకే దారిలో ఎదురుపడతాయి. బ్లైత్, వీషౌస్ 2015లో చూపించినదాని ప్రకారం, ఆ చిక్కే చెక్‌పాయింట్‌ను, అంటే పాడు కనిపిస్తే విభజనను ఆపే ఈ ఏర్పాటును, తట్టిలేపుతుంది. ప్రమాదానికి వాడే ఏర్పాటును పిండం తన ఎదుగుదలకు గడియారంగా మార్చుకుంది.

గ్రేప్స్ లేని తల్లులు పెట్టిన గుడ్లలో ఆ విరామం రాదు, గోడలు లేవవు, పిండం చనిపోతుంది. చెక్1 లేకపోతే బతుకు లేదని అందరూ అనుకున్నారు. 2007లో థ్యూర్‌కాఫ్ బృందమే గ్రేప్స్‌తో పాటు లోకీని కూడా తీసేసి చూసింది. రెండూ లేని పిండాల్లో గోడలు లేచాయి, జన్యువులు తెరుచుకున్నాయి. అంటే గ్రేప్స్ లేని పిండాన్ని ఆ దశలో అడ్డుకున్నది చెక్1 లేకపోవడం ఒక్కటే కాదు. ఆగకుండా పరిగెత్తినందువల్ల డీఎన్‌ఏ పాడైతే, ఆ పాడును చూసి చెక్2 పిండాన్నంతా నిలిపేసింది. కొన్ని కేంద్రకాలు చెడితే వాటిని జారవిడుస్తుంది, అన్నీ చెడితే మొత్తాన్నే ఆపుతుంది. చెక్2 గురించి చేసిన ప్రయోగాలన్నిటిలో ఎక్కువ చెప్పేది ఇదేనని చెప్పవచ్చు. ఒక జన్యువు తీసేస్తే వచ్చిన నష్టం, ఆ జన్యువు చేసే పనికి అద్దం అని అనుకోవడం ఎంత తప్పో ఇక్కడ తెలుస్తుంది. కనిపించిన నష్టం ఇంకో ప్రోటీన్ చేసిన పని కావచ్చు.

గుడ్డు ఆకారంలోనూ ఇదే తర్కం ఉంది. అండం తయారయ్యేటప్పుడు తల్లి, తండ్రి క్రోమోజోమ్‌లు ముక్కలు మార్చుకోవడానికి కణం తన డీఎన్‌ఏను కావాలనే తెంపుకుంటుంది, తర్వాత అతుక్కుంటుంది. అతికే జన్యువులు పనిచేయని ఆడ ఈగలు వింత గుడ్లు పెడతాయి. మామూలు డ్రోసోఫిలా గుడ్డుకు వీపు వైపు రెండు కొమ్ముల్లాంటివి ఉంటాయి. ఈ గుడ్లలో అవి ఒకటిగా కలిసిపోతాయి, లేదా అసలు ఉండవు. అంటే గుడ్డుకు వీపేదో పొట్టేదో తెలియడం లేదు. డీఎన్‌ఏ అతుక్కోకపోతే గుడ్డు ఆకారం ఎందుకు మారాలి?

ప్రిన్స్‌టన్‌లో ట్రూడీ షూప్‌బాక్ బృందం ఆ దారిని వెతికి పట్టుకుంది. ఇక్కడ మాత్రం తెగిన డీఎన్‌ఏ మెయ్-41ను, అది చెక్2ను లేపుతాయి. ఆ సంకేతం వాసా అనే ప్రోటీన్ దాకా వెళ్లి దాన్ని మారుస్తుంది. వాసా సరిగా లేకపోతే గుర్కెన్ అనే ప్రోటీన్ తగినంత తయారు కాదు. గుడ్డుకు వీపు ఎటో చెప్పేది గుర్కెనే. ఈ ఈగల్లోంచి లోకీని తీసేస్తే, డీఎన్‌ఏ తెగినట్టే ఉన్నా, కొమ్ములు రెండూ మామూలుగా వస్తాయి. ఆకారం చెడింది తెగినందుకు కాదు, తెగిందని చెక్2 చెప్పినందుకు. జన్యువుల మధ్య ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకే డీఎన్‌ఏ ముక్కలైన ట్రాన్స్‌పోజాన్లను అణచలేని ఈగల్లోనూ ఇవే గుడ్లు వస్తాయి. అక్కడా లోకీని తీస్తే ఆకారం చాలావరకు సర్దుకుంటుంది, ట్రాన్స్‌పోజాన్ల దూకుడు మాత్రం ఆగదు. చూడటానికి బాగున్న ఆ గుడ్డు లోపల చెడే ఉంటుంది.

మనిషి సంగతికొస్తే, చెక్2కు మనలో ఉన్న జన్యువు (CHEK2)లో ఒక్క అక్షరం రాలిపోయే మార్పు, 1100వ స్థానంలోది, రొమ్ము క్యాన్సర్ ముప్పును సుమారు రెండు మూడు రెట్లు పెంచుతుంది. ఇది ఉత్తర ఐరోపా వాసుల్లో ఎక్కువ, మన దేశంలో అరుదు. ఈ మధ్య తిరుపతి, చిత్తూరు కుటుంబాలు కూడా జన్యు పరీక్షలు చేయించుకుంటున్నాయి. రిపోర్టులో ఈ జన్యువు పేరు కనబడితే ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలవుతుంది. రొమ్ము క్యాన్సర్ ముప్పును బాగా పెంచే బీఆర్‌సీఏ జన్యువుల్లో మార్పులంత బరువైనది కాదిది. పైగా రిపోర్టుల్లో వచ్చే మార్పుల్లో చాలావాటికి అర్థం ఇంకా తేలలేదని రాసే ఉంటుంది. ఆ వాక్యాన్ని ముందు చదవాలి, దాని గురించి జన్యు సలహాదారుతో మాట్లాడాలి.

తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనో, అలిపిరి దారిలోని క్యాన్సర్ ఆసుపత్రిలోనో రేడియేషన్ పెట్టించుకునేవాళ్లు రోజుకు సుమారు 2 గ్రే చొప్పున వారాల తరబడి ఎందుకు తిరగాల్సి వస్తుందో కూడా ఈ కైనేజ్‌ల నుంచే కొంత అర్థమవుతుంది. రెండు మోతాదుల మధ్య మంచి కణాలు ఆగి, అతుక్కుని, తేరుకోవాలి. ఆగడం మరిచిపోయిన కణితి కణాలకు ఆ వెసులుబాటు తక్కువ. ప్రయాణానికి విసుగొచ్చి మధ్యలో మానేస్తే ఈ లెక్కంతా తప్పుతుంది.

ఎలుకల్లోనూ ఈగల్లో కనిపించిన తేడానే ఉంది: చెక్1 లేని ఎలుక పిండం మొదట్లోనే చనిపోతుంది, చెక్2 లేని ఎలుక మామూలుగా బతుకుతుంది, రేడియేషన్‌నూ కొంత ఎక్కువ తట్టుకుంటుంది. క్యాన్సర్ చికిత్స తీసుకున్న ఆడపిల్లల విషయంలో ఇది చాలా ముఖ్యమైన ప్రశ్నను లేపింది. అండాశయానికి కొద్దిపాటి రేడియేషన్ తగిలినా అందులోని అండాలు చాలా త్వరగా నశిస్తాయి, చిన్న వయసులోనే పిల్లలు పుట్టే అవకాశం పోతుంది. ఈ నాశనాన్ని నడిపించేది చెక్2 అని, అది లేని ఆడ ఎలుకలు రేడియేషన్ తర్వాత కూడా పిల్లల్ని కన్నాయని కార్నెల్‌లో బోల్కన్-ఫిలాస్, షిమెంటీ బృందం 2014లో సైన్స్ పత్రికలో ప్రకటించింది. పోయిన అండాల్లో చాలావాటికి డీఎన్‌ఏను అతుక్కునే శక్తి ఉంది, చెక్2 ఆ వ్యవధి ఇవ్వలేదు. ఆ తర్వాత చెక్2ను కొద్దికాలం ఆపే మందుతోనూ ఎలుక అండాలను కాపాడగలిగారు.

అయితే ఈ కైనేజ్ అంత తొందరగా ఏరేయడానికి కారణం ఉంది: అండంలో మిగిలిన తప్పు ఒక్క కణంతో పోదు, పుట్టే బిడ్డ ఒళ్లంతా పరుచుకుంటుంది. కాబట్టి ఆ మందు మనుషుల దాకా రావాలంటే అండాలు మిగిలాయా అని చూస్తే సరిపోదు. మిగిలిన అండాల నుంచి పుట్టిన పిల్లల్లో, వాళ్ల పిల్లల్లో కొత్త మార్పులు ఎన్ని చేరాయో లెక్కపెట్టి చూడాలి. అంత పొడుగైన లెక్కను నెలల్లో ముగించగలిగేది పది రోజులకు ఒక తరం మారే డ్రోసోఫిలా లాంటి జీవుల్లోనే.